వానప్రజల మాట

మిస్తెకో జాతివారు తమను తాము ‘ఞూ సావి’ అని చెప్పుకుంటారు. వానప్రజలు, లేక వానదేశమువారు అని దాని భావము. మెక్సికో దేశానికి దక్షిణాన ఓహాకా రాష్ట్రపు పడమటి కొండలూ, వాటిని ఆనుకొనియున్న ప్యూబ్లా, గెరేరో ప్రాంతాలూ వారి పుట్టినచోటు. పేరులో వాన ఉన్నదే గాని, ఆ కొండలమీద మన్ను నిలువలేదు. శతాబ్దాలుగా కోసుకుపోయిన నేల మొక్కజొన్నకు సైతం చాలక జనం కొండ దిగారు. 1970ల నుండి వేలాది కుటుంబాలు మూడువేల కిలోమీటర్లకు మించిన దూరం ప్రయాణించి, బాహా కాలిఫోర్నియాలోని సాన్ కింతీన్ లోయకు కూలికి చేరుకున్నాయి. పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉన్న ఆ లోయలో వాన బహు అరుదు. భూగర్భమునుండి తోడిన నీటితో టొమాటోలూ, స్ట్రాబెర్రీలూ పండించి అమెరికాకు పంపుతారు. వానప్రజలకు వాన లేనిచోట బ్రతుకుతెరువు దొరికిందన్నమాట!

ఈ లోయలో క్రైస్తవ మిషనువారు చాలాకాలంగా పనిచేస్తున్నారు. వైద్యశాలలు, పిల్లలకు భోజనం, బడులు, ప్రార్థనామందిరాలు: వీటిని నేను వర్ణించబోను. ఇటువంటి సేవ ప్రపంచంలో ఎక్కడైనా ఇంచుమించు ఒకే పోలికగా ఉంటుంది. అక్కడ గడిపిన కొద్దివారాలలో నా మనస్సును పట్టుకున్నది వేరొకటి. అది మాట.

ఒకనాడు అటువంటి వైద్యశాలలో ఒక మూల కూర్చున్నాను. ఒక తల్లి చంటిబిడ్డను ఎత్తుకొని, తొమ్మిది పదేండ్ల కూతురిని వెంటబెట్టుకొని వచ్చింది. జ్వరం ఎన్నాళ్ల నుండి అని వైద్యుడు స్పానిష్‌లో అడిగాడు. కూతురు ఆ ప్రశ్నను తల్లికి చెప్పింది. తల్లి చాలాసేపు మాట్లాడింది. తోటల వైపు చేయి చూపింది. బిడ్డ రొమ్ముమీద చేయి వేసింది. ఒకసారి గొంతు తగ్గించి, మరల హెచ్చించింది. కూతురు అంతా శ్రద్ధగా విని వైద్యునివైపు తిరిగి, “మూడు రోజులు” అన్నది. ఆయన అది వ్రాసుకున్నాడు. ఇచ్చిన మందు సరియైనదే అయి ఉండవచ్చు. ఆ వైద్యుని ఓర్పునుగాని దయనుగాని నేను శంకించను. అయితే తక్కిన ఆ మాటలన్నీ ఏమైనట్లు? ఆ పసిపిల్లకు వచ్చిన స్పానిష్‌లో ఎంత ఇమిడిందో అంతే ఆయనకు చేరింది.

దుబాసీని పెట్టరాదా అని తోచవచ్చు. పెట్టినచోట్లా ఉన్నాయి. కాని మిస్తెకో అనేది ఒక్క భాష కాదు. మెక్సికో ప్రభుత్వ భాషాసంస్థ 2008లో ప్రకటించిన పట్టికలో దానికి 81 భేదాలను లెక్కించింది. ఒక కొండవారి మాట రెండు కొండల అవతలివారికి తెలియకపోవచ్చు. పైగా స్వరం హెచ్చుతగ్గులతో అర్థం మారిపోయే భాష అది. అక్షరాలు అవే అయినా, గొంతు కొంచెం దిగితే వేరొక మాట అవుతుంది.

ఈ చిక్కు మిషనరీలకు కొత్తది కాదు. దొమినికన్ సన్యాసులు పదహారవ శతాబ్దంలోనే ఆ కొండలకు వెళ్లి, యాన్విత్‌లాన్, తెపొస్కొలూలా గ్రామాలలో కోటలవంటి మఠాలు నిర్మించారు. 1593లో వారిలో ఆంతోనియో దె లోస్ రేయెస్ మిస్తెకో వ్యాకరణాన్నీ, ఫ్రాన్సిస్కో దె అల్వరాదో నిఘంటువునూ ప్రకటించారు. అంతటి శ్రమ ప్రేమ లేకుండా సాధ్యమని నేను అనుకోను. కాని అదే యాన్విత్‌లాన్‌లో, అంతకు అర్ధశతాబ్దం ముందు, 1544 మొదలుకొని స్థానిక ప్రభువులను విగ్రహారాధన నేరంపై విచారించారు. మాటను సేకరించిన మతమూ, ఆ మాటతో పిలిచిన దేవతలను నేరస్థులను చేసిన మతమూ ఒకటే. జింకతోలు మడతలమీద బొమ్మలుగా వ్రాసుకున్న మిస్తెకో రాజవంశ చరిత్రలు కొన్ని మిగిలి, నేడు వియన్నాలోనూ, లండన్‌లోనూ, ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఉన్నాయి. వాటిని గీసినవారి సంతతి స్ట్రాబెర్రీ మళ్లలో నడుము వంచి ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దంలో ప్రొటెస్టెంటులు వచ్చారు. కెన్నెత్ పైక్ అనే అమెరికన్ 1935లో మెక్సికో చేరి, సాన్ మిగెల్ ఎల్ గ్రాందె గ్రామపు భాష నేర్చుకున్నాడు. 1951లో ఆ భాషలో క్రొత్త నిబంధన వెలువడింది. స్వరభాషలను గురించి 1948లో ఆయన వ్రాసిన గ్రంథాన్ని భాషాశాస్త్రజ్ఞులు నేటికీ ఆదరిస్తారు. ఆయన సంస్థతో చేసుకున్న ఒప్పందాన్ని మెక్సికో ప్రభుత్వం 1979లో రద్దు చేసింది. భాషపేరుతో మతమూ, మతంతో పరాయిదేశపు పలుకుబడీ వస్తున్నాయని విమర్శకుల అభియోగం. అందులో నిజం లేకపోలేదు. అయినా, ఒక కొండగ్రామపు మాటలోని ఎత్తుపల్లాలను చెవియొగ్గి వినడానికి సంవత్సరాలు వెచ్చించిన మనిషిని తేలికగా తీసివేయలేను.

మతం మార్చుకున్నవారి సంగతి కూడా తేలికైనది కాదు. సొంత ఊరిలో గ్రామదేవతయైన పునీతుని ఉత్సవానికి వంతుల ప్రకారం ఖర్చు భరించాలి. ఊరిపనికి కూలి లేకుండా శ్రమ చేయాలి. కొత్త మతంలో చేరినవాడు ఉత్సవానికి చందా ఇవ్వనంటే తగవు పుడుతుంది. అటువంటివారిని ఊళ్లనుండి వెడలగొట్టిన సందర్భాలూ కలవు. లోయలో ఈ బాధ్యతలు దూరమై, పురుషుడు సారాయి మానితే ఇల్లాలికి నాలుగు పెసోలు మిగులుతాయి. ఆమె మందిరానికి వెళ్లడంలో కేవలం భక్తినే వెదకేవారు ఆమె వంటింటిని చూడనివారు. అట్లని మిషనువారి గిన్నె నిండినంతమాత్రాన కూలి పెరగదు. అది పెరగడానికి 2015 మార్చిలో ఆ లోయ కూలీలు వేలసంఖ్యలో పని మాని రహదారులను అడ్డగించవలసివచ్చింది.

ఒక ఆదివారం సాయంకాలం నేను రేకుల కప్పు వేసిన ఒక మందిరంలో ఉన్నాను. ప్రసంగం స్పానిష్‌లో, పాటలు స్పానిష్‌లో జరిగాయి. ముసలివారు మర్యాదగా కళ్లు మూసుకొని కూర్చున్నారు. అంతా ముగిసి బయటికి వచ్చాక, నీళ్ల పీపాల ప్రక్కన గుంపుగా నిలిచి వారు మిస్తెకోలో మాట్లాడుకోసాగారు. వర్షం సంగతో, చనిపోయినవారి సంగతో, నాకేమి తెలుస్తుంది? ఒక వృద్ధురాలు ఏదో అన్నది. అందరూ పకపక నవ్వారు. బోధకుడు కూడా అక్కడే నిలబడి, తనకు ఒక్క ముక్క తెలియకపోయినా నవ్వాడు. తరువాత ప్రక్కనున్న పిల్లవాడిని, ఆమె ఏమన్నదని అడిగాడు. పిల్లవాడు ఆలోచించి, అది స్పానిష్‌లో చెప్పడానికి రాదన్నాడు. మరునాడు తెల్లవారకముందే తోటలకు తీసుకొనిపోయే బస్సులు వస్తాయి. అయినా దీపం ఆర్పివేసిన తరువాత కూడా చాలాసేపు వారు అక్కడే నిలబడి ఉన్నారు.