మాట వినబడు చోటు

కార్తికమాసము వచ్చినదనగా ఉసిరిచెట్టు ఎక్కడ నున్నదని వెదకుట మన యిండ్లలో తరతరముల వాడుక. చెట్టు దొరికిన చాలును. దాని క్రింద వంట, దాని నీడనే భోజనము, ప్రొద్దు వాలకమునుపే ఇల్లు చేరుట. అచట ఎంత సందడి యున్న అంత సంబరము. అట్టి మా కుటుంబము 2025 ఫిబ్రవరిలో, మాఘమాసపు వెన్నెల రోజులలో, ఊరి వెలుపల గుడారములు వేసికొని రెండు రాత్రులు గడపవలెనని, అదియును ఏ సందడియు లేని చోటనే గడపవలెనని నిశ్చయించినప్పుడు బంధువులు కొందఱు నవ్విరి. కొందఱు “ఇంట్లో ఏమైనా లోటా?” అని యడిగిరి. లోటు కలదు. దానిని గూర్చి చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము గంజాము జిల్లా బ్రహ్మపురమున, పట్టు నేతగాండ్ర వీథికి దగ్గఱ నున్న ఒక సందులో నివసించుచున్నాము. మా తండ్రిగారు 1941లో జన్మించిరి. నలువదేండ్లు ఒక పట్టుబట్టల అంగడిలో లెక్కలు వ్రాసిరి. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటను బేరము కుదుర్చగల నోరు వారిది. అయిదాఱేండ్లుగా వారికి వినికిడి తగ్గుచు వచ్చినది. వయసుతో పోవు వినికిడి అన్ని ధ్వనులను సమానముగా తీసికొనిపోదని వైద్యులు చెప్పిరి. సన్నని ధ్వనులు ముందు పోవును. అచ్చుల నాదము మిగిలి, స, శ, త వంటి హల్లులు జాఱిపోవును. కావున ఎవరో మాట్లాడుచున్నారని తెలియును. ఏమి మాట్లాడుచున్నారో తెలియదు. చెవి యంత్రము మాటను పెంచును. దానితోపాటు పంకా రొదను, మిక్సీని, సందులోని మోటారు సైకిలును గూడ పెంచును. క్రొత్త యంత్రములు రొదను కొంత అణచినను, మాటను దానినుండి పూర్తిగా వేఱుచేయజాలవు.

మా పిల్లల సంగతి మఱియొక తీరు. అమ్మాయికి పండ్రెండేండ్లు, చిన్నవానికి ఎనిమిది. బడిలో ఇంగ్లీషు, వీథిలో ఒడియా. ఇంట తెలుగే, కాని అది వంటయింటి తెలుగు. తిను, పడుకో, చెప్పులు విప్పు అనువానిని దాటి ఎక్కువ దూరము పోదు. చిన్నవాడు తోడిపిల్లలను చూచి తాతగారిని ‘జేజె’ అని పిలుచును. ఒడియాలో తండ్రి తండ్రికి అదియే పిలుపు. “జేజె పెట్టేది దేవుడికిరా, నేనింకా దేవుణ్ణి కాలేదు” అని మొదట్లో మా తండ్రిగారు నవ్వెడివారు. పిదప ఆ పరిహాసము గూడ నిలిచిపోయెను. వారేమి చెప్పినను పిల్లలు తల యూపుట, పిల్లలేమి చెప్పినను వారు చిఱునవ్వు నవ్వుట, ఇంతే మిగిలెను. ఇంటిలో కలహము లేదు, అలుక లేదు, మాట లేదు.

“ముందు రొద లేని చోట కూర్చోబెట్టండి. ఎదురుగా కూర్చుని, ముఖం కనబడేలా, అరవకుండా నిదానంగా మాట్లాడండి. ఉన్న వినికిడి అప్పుడు పనికివస్తుంది” అని వైద్యులు సలహా యిచ్చిరి. రొద లేని చోటును ముందు మా యింటనే వెదకితిమి. ముందుగదికి వీథి రొద, వెనుకగదికి ప్రక్కయింటి నీళ్ళ మోటారు. గుడారముల యాలోచన అప్పుడు పుట్టినది. ఒక ముదుసలి చెవికి ఒక పిల్లవాని మాట చేరగల చోటు మాకు కావలసి యుండెను.

మొదట మనసు గోపాలపురము మీదికి పోయెను. ఇంటికి ఇంచుమించు పదునాఱు కిలోమీటర్ల దూరము. పాత రేవు, సరుగుడు తోటలు. ఒకనాటి ఉదయము తండ్రిగారిని తీసికొని పోయి తోటలో కూర్చుండబెట్టితిమి. చుట్టుప్రక్కల మనుష్యుడు లేడు. “ఎలా ఉంది నాన్నగారూ?” అని యడిగితిమి. వారు మా పెదవులవైపు చూచి, యంత్రమును తీసి జేబులో వేసికొనిరి. కెరటముల హోరు మాకు హాయిగా నుండెను. వారి చెవికి అది ఆగని రైలుబండి. జనము లేని చోటెల్ల నిశ్శబ్దమైన చోటు కాదని ఆనాడు మాకు తెలిసినది.

పిదప తప్తపాణికి పోతిమి. కొండ అడవి నడుమ గంధకపు వేడినీటి ఊట. చూడ ముచ్చటయైన చోటు. కాని చలికాలమున వనభోజనములకు వచ్చు బండ్లతో నిలువెత్తు పాటల పెట్టెలు గూడ వచ్చును. రంభకు పోతిమి. చిలికా సరస్సు 1981లో రామ్‌సర్ ఒప్పందపు జాబితాకెక్కిన గొప్ప చిత్తడినేల. దూరదేశముల పక్షులు శీతకాలమున అచట దిగును. ఆ పక్షులను చూడబోవు పడవలు పెక్కు డీజిలు యంత్రములతో నడుచునవి. ఋషికుల్యా నది సముద్రమున కలియు చోట ఇసుకతిన్నెలు ప్రశాంతముగా నుండును. కాని ఫిబ్రవరి, మార్చి నెలలలో అచటికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకొలది వచ్చి గ్రుడ్లు పెట్టును. తీరమునందలి దీపపు వెలుగు తల్లులను బెదరించును, పిల్లలను దారి తప్పించును. మా నిశ్శబ్దము కొఱకు మఱియొకరి పురిటింటిలో దీపములు వెలిగించుట తగదని వెనుదిరిగితిమి.

ఆ తిరుగుటలో ఒకనాడు పురుషోత్తమపురము దాపున నున్న జౌగడకు గూడ పోతిమి. ఋషికుల్యకు చేరువనున్న ఆ రాతిమీద అశోకుని శాసనములు కలవు. కళింగ ప్రజల కొఱకు ప్రత్యేకముగా చెక్కించిన శాసనములు ధౌళిలోను, ఇచటను ఉన్నవి. తిష్య నక్షత్రమున, అనగా మన పుష్యమినాడు, వీనిని అందఱకు వినిపింపవలెననియు, నడుమ దినములలో ఒక్కడే యున్నను వానికి వినిపింపవచ్చుననియు అందు కలదు. రాతిమీద చెక్కించిన చక్రవర్తికి గూడ మాట చెవిని పడవలెనన్న ఆరాటమే. ఇరువది రెండు వందల ఏండ్లు దాటిన ఆ ఆరాటము ఎదుట నిలిచి, ఒక గది దాటలేని మా యింటి మాటను తలచుకొంటిమి.

మేము ప్రతి ఆదివారము ఎక్కడెక్కడికో పోయి వచ్చుచుండుట కనిపెట్టి, తండ్రిగారు ఒకనాడు మమ్ము పిలిచి, పలక వంటి అట్టమీద కాగితము పెట్టుకొని ఏదో వ్రాయసాగిరి. వారు చిన్ననాట తమ తండ్రిగారి వెంట బట్టల మూటలతో ఎడ్లబండ్లమీద సంతలకు పోయి, రాత్రులు తోపులలో బండ్లు విప్పుకొని పడుకొనెడివారట. ఆ సంగతియే మాకు తెలియదు. వారు వ్రాసి యిచ్చిన కాగితము ఇప్పటికిని మావద్ద నున్నది. అందలి మాటలు ఇవి: “నీడ చూడు, పైన ఎండుకొమ్మ ఉందేమో కూడా చూడు. ఏటి ఇసుకలో గుడారం వేయకు. గట్టుమీది పొదలకు చిక్కిన చెత్త చూస్తే వరద ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. దానికి పైన ఉండు. ఊరికి కేకవేటు దూరంలో ఉండు, అంతకు దూరం పోకు. నేల ఎవరిదో అడుగు, వాళ్ళ ఎదుటే అడుగు. పగలు చూసి మెచ్చుకోకు, పడుకునే వేళకు పోయి చూడు.”

ఈ చివరి మాట మాకు తోచనిది. మేము చూచిన చోట్లన్నియు పగటివేళ చూచినవే.

కాగితము పట్టుకొని ఋషికుల్య గట్టు వెంట మరల వెదకితిమి. ఫిబ్రవరిలో ఆ యేఱు సన్నబడి, ఇసుక నడుమ చప్పుడు లేక పాఱును. గట్టుకు ఎగువను ఒక మామిడితోపు కనబడెను. తోపు యజమాని ఒడియా రైతు. 2013 అక్టోబరు 12న గోపాలపురము చెంత తీరము దాటిన ఫైలిన్ తుఫానులో ఆయన పాతచెట్లు సగము కూలెనట. మిగిలిన సగము పెద్దవి, తక్కినవి పిదప నాటిన పడుచు చెట్లు. ఆ తుఫాను వెంట వచ్చిన వరద తన పంపు గది గోడమీద మోకాలెత్తున మిగిల్చిన చారను చూపించెను. దానికి ఎగువనే చోటు చదును చేసెదనని చెప్పెను. మా తండ్రిగారి పేరు చెప్పగానే, తన కూఁతురి పెండ్లికి చీరలు అప్పుగా ఇప్పించిన ‘తెలుగు బాబు’ ఆయనేనా యని యడిగి, అద్దె మాట ఎత్తనీయలేదు.

మాఘ శుద్ధ దశమి, శుక్రవారము సాయంకాలము చేరితిమి. రెండు చిన్న గుడారములు. తండ్రిగారికి రైతు తెచ్చి వేసిన నులకమంచము. పులిహోర, మా యూరి అప్పడములు. ఇంతలో ఏటికి ఆవల ఏదో పెండ్లి, మైకు మొదలయ్యెను. ఇన్ని వారముల వెదకులాట ఒక్క పాటతో కొట్టుకొనిపోయినట్లయ్యెను. తండ్రిగారు మాత్రము తొందరపడలేదు. రాత్రి పది మొదలు ఉదయము ఆఱు వఱకు మైకులు మ్రోగరాదని 2000వ సంవత్సరపు నియమము కలదు గదా యని మేము గడియారము చూచుచు కూర్చుంటిమి. పెండ్లివారు మంచివారు, పది దాటిన కొంతసేపటికి మైకు ఆగెను.

అప్పుడు తండ్రిగారు యంత్రము పెట్టుకొనిరి. ఎవరును మాట్లాడలేదు. చిన్నవాడు చేతిలోని అప్పడము ముగించి, “ఇంకొకటుందా?” అని మెల్లగా తల్లిని అడిగెను.

“ఉంది. ఇదిగో, నాది తీసుకో” అనిరి మా తండ్రిగారు.

మేమందఱము వారివైపు తిరిగితిమి. చిన్నవాడు లేచి వచ్చి మంచము పట్టెమీద కూర్చుండెను. తాతగారు వాని భుజముమీద చేయి వేసి, “ఇన్నాళ్ళూ నువ్వేదో చెప్తే నవ్వేసేవాణ్ణిరా. నాకేటీ వినబడేది కాదు. మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కుంటావని ఊరుకునేవాణ్ణి” అనిరి.

వాడు కొంతసేపు నేల చూచెను. “నేనూ ఊరికే తల ఊపేసేవాణ్ణి జేజె. నువ్వు చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. అడిగితే, తెలుగు రాదా అని నాన్నకి కోపం వస్తుందని” అనెను.

ఆ కోపము మాదే. సభలలో భాషను గూర్చి మాట్లాడివచ్చి, ఇంట ఒక మాట తెలియలేదన్న పిల్లవానిని కసరిన రోజులు మాకు జ్ఞాపకము వచ్చెను. చీకటి మా ముఖమును దాచినది. వినబడనివారు ఒకరు, అర్థము కానివారు ఒకరు, ఇద్దఱును సిగ్గుపడి ఒకరినుండి ఒకరు దాచుకొనిరి. ఆ సిగ్గును కలిగించినవారము నడుమ మేము.

మఱునాడు తెల్లవాఱకమునుపే తండ్రిగారు మంచముమీద లేచి కూర్చుండి యుండిరి. పొదలలోనుండి బుంగలో ఊదినట్లు ఒక పక్షి కూత వచ్చుచుండెను. సన్నని కూతలు వారికి చేరవు. ఇది లోతైన కూత గనుక చేరినది. “వినబడుతోంది, ఏటది?” అని యడిగిరి. అమ్మాయి చూచి వచ్చి “కుంభాటువా” అనెను. తాతగారు “జెముడుకాకి” అనిరి. ఆమె ఆ మాటను రెండు మూడు మాఱులు పలికి చూచుకొనెను. ఆ పగలంతయు ఇట్లే సాగెను: ఆమె ఒడియా పేరు చెప్పుట, వారు తెలుగు పేరు చెప్పుట, తెలియనిదానికి చిన్నవాడు తన సొంత పేరు పెట్టుట. మధ్యాహ్నము రైతు ఇల్లాలు ‘పఖాళ’ పంపగా, “ఇది మన చద్దన్నమే గదా” అని తాతగారు ముచ్చటపడి తినిరి.

రెండవ రాత్రి అమ్మాయి అడిగెను: “తాతయ్యా, మనం తెలుగువాళ్ళం గదా, ఇక్కడికెప్పుడొచ్చాం?” మేము చెప్పబోయి ఊరకుంటిమి. వారే చెప్పిరి. గంజాము ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని జిల్లా యనియు, 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్రము ఏర్పడగా అందు చేరినదనియు, ఆనాడు తమ తండ్రిగారు ఎప్పటివలెనే బట్టల మూట భుజాన వేసికొని సంతకు పోయిరనియు చెప్పిరి. “మనం ఎక్కడికీ రాలేదమ్మా. మన ఇల్లు ఉన్నచోటే ఉంది. గీత మారింది” అనిరి. ఆమె తరువాత అడిగిన ప్రశ్నలు లెక్కలేనన్ని. వారు కొన్ని రెండవసారి అడిగించుకొనిరి. ఆమె విసుగుకొనలేదు.

తిరిగి వచ్చితిమి. సందు రొద మారలేదు, తండ్రిగారి వినికిడి పెరుగలేదు. ఇప్పుడు రాత్రి భోజనములైన పిదప అరగంటసేపు మా యింట పంకా, టెలివిజను, ఫోనులు ఆగును, కిటికీలు మూయుదుము. వేసవిలో చెమటలు పట్టును. ఐనను ఆ అరగంటకు పిల్లలే మొదట వచ్చి కూర్చుందురు. అర్థము కాని మాటను అడుగుటకు వారిప్పుడు మా ముఖము చూచుట లేదు.

మన సమాజపు కుటుంబములలో పెద్దవారున్నవారు ఇట్టి చోటు వెదకదలచినచో, మా తండ్రిగారి కాగితమును సంతోషముతో చూపగలము. కార్తికమున మరల పోవుదమని పిల్లలు తొందరించిరి. తండ్రిగారు ఒప్పుకొనలేదు. “కార్తికం తుఫానుల నెల. మాఘం రానీండి” అని, ఆ కాగితమునకే అడుగున ఆ మాటను గూడ చేర్చిరి.