వాడపల్లి రథం దగ్గర పోయినవాళ్లు

చైత్ర శుద్ధ ఏకాదశి నాడు వాడపల్లి వెళ్లాను. ధవళేశ్వరం బ్యారేజీ దాటి, ఆత్రేయపురం, లొల్ల మీదుగా వచ్చేసరికి జనంలో బస్సు ఇక కదల్లేదు. మిగిలిన దారి నడిచాను. మామూలు శనివారాల్లో వచ్చేవాళ్లు ఏడు వారాల మొక్కువాళ్లు. గుడి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చేసి, ఎర్రచందనపు వేంకటేశ్వరుణ్ణి కళ్లారా చూసుకుని వెళ్తారు. ఏకాదశి జనం వేరు. స్వామి కల్యాణం, రథం, తీర్థం అన్నీ ఆ రోజే. జీళ్లూ ఖర్జూరాలూ అమ్మే పాకలు, బూరలు ఊదుకుంటూ తిరిగే పిల్లలు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. దేవుడి పెళ్లి అంటే ఊళ్లో ప్రతి ఇంట్లో పెళ్లే.

నేను వెళ్లింది 1931 నాటి రథం గురించి వినడానికి.

ఆ ఏడాది మార్చి 30న, రథోత్సవం నాడు, వాడపల్లి జనం స్వామి రథం మీద గాంధీ గారి బొమ్మ పెట్టారు. తీసెయ్యమన్నారు పోలీసులు. ఊరివాళ్లు ఒప్పుకోలేదు. కాల్పులు జరిగాయి. నలుగురు చనిపోయారు. గాంధీ–ఇర్విన్ ఒడంబడిక జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. అటు కరాచీలో కాంగ్రెస్ మహాసభ నడుస్తోంది. రాజీ కుదిరిందని దేశం అనుకుంటున్న రోజుల్లో, గోదావరి ఒడ్డున ఒక పల్లెటూరి తీర్థంలో తుపాకీ పేలింది. రథానికి ఏ అలంకారం చెయ్యాలో ఊరు అనుకోవాలి, గుడి అనుకోవాలి. అందులో పోలీసులకు పనేమిటి? ఆ ప్రశ్న అడిగినందుకే నాలుగు ప్రాణాలు పోయాయి.

రథం వీధిలో ఒక అరుగు మీద పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి. నేను వచ్చిన పని చెబితే పక్కన చోటిచ్చారు.

"మా నాన్న చూశాడండీ. అప్పటికి కుర్రోడు. తుపాకీ మోత ఇన్నాక తాడొదిలేసి చేలల్లో పడి పరిగెత్తానని చెప్పేవోడు."

"పోయినవాళ్ల గురించి ఏమైనా చెప్పేవారా తాతగారూ?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. "తుపాకీ దెబ్బకి పోతే దుర్మరణం అంటారు కదండీ. శాంతులూ అవీ చెయ్యాలంటారు. మా నాన్న ఒప్పుకునేవోడు కాదు. సామి రథం తాడు దగ్గర, ఏకాదశి నాడు పోయినోడిది దుర్మరణం ఎలాగవుద్దిరా అనేవోడు. ఆయ్, అదీ సంగతి."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. మన పల్లెల్లో చావుకు ఒక క్రమం ఉంది. పోయే ప్రాణానికి తులసి తీర్థం పోస్తారు. పోయాక నేల మీద పడుకోబెట్టి తల దగ్గర దీపం పెడతారు. కొడుకు కొరివి పట్టాలి, బంధువులు కడసారి చూసుకోవాలి, మూడో నాడు అస్థికలు ఏరాలి, పదో నాడు ధర్మోదకాలు వదలాలి. ఆ క్రమం తప్పిన చావుకు నారాయణబలి లాంటి వేరే విధి ఉంది. అంటే ఎలా పోయినా మనిషిని మళ్లీ తనలో కలుపుకునే దారి ఆచారమే చూపిస్తుంది. చట్టం లెక్క వేరు. తుపాకీకి పోయినవాడి శవం ముందు సర్కారుది. పంచనామా కావాలి, అవసరమైతే కొయ్యాలి, కాగితాలు రాయాలి. ఆ తర్వాతే ఇంటివాళ్ల చేతికి. మామూలు నేరంలో అది న్యాయం కోసమే, నేను కాదనను. కాల్చింది ఆ సర్కారే అయినప్పుడు ఆ పంచనామా ఎవరి కోసం?

వాడపల్లి కాల్పులకు సరిగ్గా వారం ముందు, మార్చి 23 సాయంత్రం, లాహోరు జైల్లో భగత్‌సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను ఉరితీశారు. మర్నాడు పొద్దున అని చెప్పి ముందు రోజు సాయంత్రమే తీశారు. శవాలను ఇంటివాళ్లకు ఇవ్వలేదు. రాత్రికి రాత్రి సట్లెజ్ ఒడ్డుకు తరలించి కాల్చేశారు. తల్లులు కడచూపుకు కూడా నోచుకోలేదు. బతికున్నవాడికి భయపడటం అర్థమవుతుంది. చచ్చినవాడి వెంట నడిచే జనానికి భయపడిన ప్రభుత్వం అది. మన దగ్గర అంతకు ఏడేళ్ల ముందు, 1924 మే 7న, అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చారు. చనిపోయాక ఫొటో తీశారు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనమైంది. ఆ సమాధి దగ్గర ఇవాళ్టికీ జనం మొక్కుతున్నారు.

ఇదే బ్రిటిష్ సామ్రాజ్యం హాంకాంగ్‌లో చైనావాళ్ల చావుల్లోనూ చెయ్యి పెట్టింది. అద్దె గదుల్లో ఎవరైనా పోతే అరిష్టమని కొన ఊపిరితో ఉన్న కూలీలను తైపింగ్‌షాన్ వీధిలోని ఒక చిన్న గుడికి చేర్చేవారు. సొంతూరికి దూరంగా చనిపోయినవాళ్ల పేరు పలకలు పెట్టుకోవడానికి కట్టుకున్న గుడి అది. 1869లో అధికారులు లోపలికి వెళ్లి చూస్తే శవాల పక్కనే ప్రాణమున్నవాళ్లు పడి ఉన్నారు. పెద్ద అలజడి రేగింది. అందులోంచే 1872లో తుంగ్‌వా ఆస్పత్రి వచ్చింది, చైనా వైద్యంతోనే. అది మంచి మలుపు. 1894లో ప్లేగు వచ్చినప్పుడు మాత్రం సైనికులు ఇల్లిల్లూ సోదా చేసి రోగులను ఓడ ఆస్పత్రికి తీసుకుపోయారు. మమ్మల్ని కాంటన్‌కు పోనివ్వండి, మా నేల మీద చస్తాం అని జనం ఎదురు తిరిగారు. వేలకు వేలు ఊరు విడిచి పోయారు.

చావు ఆచారాలన్నీ గొప్పవని నేను అనడం లేదు. సతీసహగమనాన్ని బెంగాల్లో 1829లోనూ మద్రాసు రాజధానిలో 1830లోనూ నిషేధించారు. ఆ చట్టం రావలసిందే. మన ఊళ్లలో పేరంటాళ్ల గుళ్లు చూసినప్పుడల్లా ఆ ఆడకూతుళ్లకు బతికే దారి ఎందుకు లేకపోయిందని గుండె బరువెక్కుతుంది. బతికున్న మనిషిని కాపాడే చట్టం వేరు, పోయినవాణ్ణి అతని వాళ్ల నుంచి లాక్కునే అధికారం వేరు. ఆ రెంటినీ ఒక గాటన కట్టలేం.

మధ్యాహ్నం దాటాక రేవుకు వెళ్లాను. గౌతమి ఒడ్డున మెట్ల మీద ఒక కుటుంబం పెద్దకర్మ ముగించి స్నానాలు చేస్తోంది. ఈ నదికి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టినవాడు కాటన్ దొర. 1852 నాటికి అది పూర్తయింది. ఈ జిల్లాల్లో ఆయనకు తర్పణం వదిలేవాళ్లున్నారు, పుష్కరాల్లో ఆయన పేర పిండం పెట్టినవాళ్లూ ఉన్నారు. కులం, గోత్రం, దేశం ఏవీ కలవని ఒక పరాయి మనిషికి, అన్నం పెట్టిన చేతికి కృతజ్ఞతగా, మన ఆచారం చోటిచ్చింది. పితృకార్యంలో రక్తసంబంధం లేని ఆప్తులకు, గురువులకు, స్నేహితులకు కూడా నీళ్లు వదిలే విధి ఉంది. కారుణ్య తర్పణం అంటారు. మన సంప్రదాయంలో నాకు ఎంతో ఇష్టమైన విధి అదే.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. కాటన్ దొరను తలచుకునే కోనసీమ, రథం తాడు దగ్గర పోయిన తన నలుగురినీ తలచుకోవాలి. ఏ ఊరివాళ్లైనా సరే, ఏ కులంవాళ్లైనా సరే, పుష్కర స్నానానికి దిగినప్పుడు మీ వాళ్లకు నీళ్లు వదిలాక 1931 వాడపల్లి మృతులకూ ఒక దోసెడు వదలండి. పక్కన పిల్లలుంటే ఎవరికి వదిలారో, ఎందుకు వదిలారో చెప్పండి.