భూటాన్‌కు కొంగలొచ్చే వేళ

వానలు వెనకపట్టాయంటే చాలు, భూటాన్‌లో పనులూ పండగలూ ఒక్కసారే ఊపందుకుంటాయి. పారో లోయలో ఎర్రబియ్యపు వరి కోతకొస్తుంది. ఇళ్ల కప్పుల మీద మిరపకాయలు ఎర్రగా ఎండుతుంటాయి. గుంటూరు మిర్చి కల్లాలు చూసి పెరిగినవాళ్లకూ అది ముచ్చటైన దృశ్యమే. అక్కడివాళ్లకు మిరపకాయ కారం కోసం వేసేది కాదు, ఏకంగా కూరగాయ. మిరపకాయల్ని చీజ్‌తో కలిపి ఉడికించే ఎమదత్సి లేకపోతే వాళ్లకు అన్నం తిన్నట్టే ఉండదు.

ఈ రుతువులో ముందుగా వచ్చేది థింపూ త్సెచు. బౌద్ధ గురువు పద్మసంభవుడి పేరిట తాషిఛో జోంగ్ అనే కోట-మఠం దగ్గర జరిగే ఈ ఉత్సవంలో భిక్షువులు ముఖాలకు కొయ్య తొడుగులు పెట్టుకుని గంటల తరబడి నాట్యం చేస్తారు. మగవాళ్లు ఘో, ఆడవాళ్లు కీరా కట్టుకుని పిల్లాపాపలతో వచ్చి కూర్చుంటారు. అది యాత్రికుల కోసం పెట్టిన ప్రదర్శన కాదు, వాళ్ల మొక్కు. మనం ఓ పక్కన ఒదిగి కూర్చుని చూస్తే సరిపోతుంది.

థింపూ నుంచి పునాఖాకు వెళ్లే దారిలో దోచులా కనుమ తగులుతుంది. ఎత్తు సుమారు 3,100 మీటర్లు. 2003లో దేశం కోసం పోరాడినవారి గౌరవార్థం కట్టిన 108 స్తూపాలు అక్కడే ఉన్నాయి. ఆకాశం తేటగా ఉన్న పొద్దున వాటి వెనక మంచుకొండలు వరసగా కనిపిస్తాయి. అందులో 7,570 మీటర్ల గంగ్‌ఖర్ పుయెన్‌సమ్ శిఖరాన్ని ఇప్పటిదాకా ఎవరూ ఎక్కలేదు. కొండలు దేవతల నివాసాలన్న నమ్మకంతో 2003 నుంచి భూటాన్ పర్వతారోహణనే నిషేధించింది. కొండను ఎక్కకుండా దణ్ణం పెట్టి వదిలేసిన ఆ సంస్కారం నాకు ఎంతో నచ్చుతుంది.

కనుమ దిగితే పునాఖా. ఫో ఛూ, మో ఛూ నదులు కలిసేచోట 1637లో, భూటాన్‌ను ఏకం చేసిన షబ్‌దృంగ్ నవాంగ్ నమ్‌గ్యాల్ కట్టించడం మొదలుపెట్టిన జోంగ్ ఇక్కడిది. కోట, మఠం, కచేరీ అన్నీ ఒకే ప్రాకారంలో ఉంటాయి. 1907లో తొలి రాజు ఉగ్యెన్ వాంగ్‌ఛుక్ పట్టాభిషేకం జరిగిందీ, 2011లో ఇప్పటి రాజు పెళ్లి జరిగిందీ ఇక్కడే. చలి మొదలవగానే ప్రధాన మఠాధిపతి జే ఖెన్‌పో, భిక్షు సంఘం థింపూ వదిలి వెచ్చగా ఉండే ఈ లోయకు దిగివస్తారు.

ఇక అసలు అతిథుల సంగతి. అక్టోబరు చివర్లో టిబెట్ నుంచి నల్లమెడ కొంగలు ఫోబ్జిఖా లోయకు వస్తాయి. వస్తూనే గాంగ్‌టే మఠం చుట్టూ ప్రదక్షిణ చేస్తాయని ఊరివాళ్లు చెబుతారు. నవంబరు 11న ఆ మఠం ప్రాంగణంలోనే కొంగల పండగ. బడిపిల్లలు కొంగల వేషాలు కట్టి ఆడతారు. నాలుగో రాజు పుట్టినరోజు కూడా ఆ రోజే. లోయకు కరెంటు వచ్చినప్పుడు ఎగిరే పక్షులకు తీగలు తగలకూడదని వాటిని భూమిలోంచి వేశారు. ఫిబ్రవరి, మార్చి దాకా ఆ కొంగలు అక్కడే మేస్తాయి.

తక్‌త్సంగ్ గురించి చెప్పకపోతే ఈ కబుర్లు పూర్తికావు. పారో లోయకు సుమారు 900 మీటర్ల ఎత్తున నిట్టనిలువు కొండ అంచున ఉందీ మఠం. పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరొచ్చి ధ్యానం చేశాడని చెప్పే గుహ చుట్టూ 1692లో దీన్ని కట్టారు. 1998లో అగ్నికి ఆహుతైతే, మళ్లీ పాత పద్ధతిలోనే నిలబెట్టి 2005కి పూర్తిచేశారు. పైకి నడక రెండు మూడు గంటలు. పొద్దున్నే బయల్దేరితే ఎండ మొహాన కొట్టకముందే చేరిపోవచ్చు.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. మనకు వీసా అక్కర్లేదు, అనుమతి పత్రం కావాలి. దానికి పాస్‌పోర్టుగానీ ఓటరు కార్డుగానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. బాగ్‌డోగ్రా దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి రోడ్డు మీద సరిహద్దు పట్టణం ఫుయెన్‌త్సోలింగ్ చేరవచ్చు. పెద్దవాళ్లకు రాత్రికి 1,200 రూపాయల రుసుము ఉంటుంది. ఇది ఎక్కువని కొందరంటారు. నాకైతే న్యాయంగానే తోస్తుంది. దేశంలో అరవై శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న చిన్న దేశం అది. ఆ అడవినీ, ఉచిత వైద్యాన్నీ, చదువునీ నిలబెట్టుకోవడానికి వచ్చినవాళ్లను చేయి వేయమంటోంది. అందుకే చూసే చోట్లు రెండు తగ్గించుకోండి, ఫోబ్జిఖాలో ఓ రాత్రి ఎక్కువ ఉండండి. మందపాటి స్వెటర్లు మాత్రం మరవకండి, నవంబరులో అక్కడ తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది.