రెండవ రంధ్రము

వస్తువు చెడినప్పుడు మనకు మొదట కలుగునది కోపము, పిదప అనుమానము, చిట్టచివరకు ఆలోచన. ఈ క్రమము తలక్రిందైనచో మన చిక్కులలో సగము తీరిపోవును. ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడనై, ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట ఈ సంగతిని నేనొక పాత కారు మూలమున నేర్చుకొంటిని.

నా నివాసము మేడ్చల్. నా కారు 1985వ సంవత్సరపు అంబాసిడరు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున తయారైన ఈ కార్లు ఒకప్పుడు మంత్రులకును, వైద్యులకును, పెండ్లివారికిని ఒక్కటే వాహనము. 2014లో వాటి తయారీ ఆగిపోయెను. పైరేకు ఎత్తి చూచినచో ఇంజనులోని ప్రతి భాగమును కంటికి కనబడును, చేతికి అందును. అందుచేతనే నాకు దానిపై అంత మమకారము.

ఒక వర్షాకాలమున వాననీరు పెట్రోలు టాంకులోనికి దిగి, కారు కుంటుచు నడువసాగెను. మా వీధి చివరనున్న మెకానిక్కు ఇరువదియైదేండ్లు నిండని యువకుడు. అతడు టాంకును విప్పి, నీటిని పారబోసి, గొట్టములను ఊది శుభ్రము చేసి, క్రొత్త ఫిల్టరు వేసి యిచ్చెను. కారు మరల హాయిగా నడచెను. నేను సంతోషించి టాంకు నిండ పెట్రోలు పోయించితిని. ఆ సాయంకాలము నేనొక చిన్న పని చేసితిని. దానిని గూర్చి తరువాత చెప్పెదను. ఏలయన ఆనాడును నేను దానిని ఎవరికిని చెప్పలేదు.

మూడవనాడు ఘట్‌కేసర్‌లోని మిత్రుని చూచుటకు బయలుదేరితిని. హైదరాబాదు నగరమును చుట్టి 158 కిలోమీటర్ల పొడవున ఎనిమిది వరుసల ఔటర్ రింగు రోడ్డు కలదు. మేడ్చల్ సమీపమున కండ్లకోయ వద్ద మిగిలియున్న చివరి తునక 2018లో పూర్తియై, ఆ వలయము కలిసికొనెను. 2023 నుండి దాని కుడి వరుసలలో గంటకు 120 కిలోమీటర్ల వేగము వరకు అనుమతి యున్నది. నేను ఎడమ వరుసలోనే ఉండి, ఎనుబది కిలోమీటర్ల వేగమున పోవుచుంటిని. ఆ వయస్సు కారుకు అదియే పరుగు.

శామీర్‌పేట సమీపించుచుండగా ఇంజను శక్తి హఠాత్తుగా సన్నగిల్లెను. ఆక్సిలరేటరును ఎంత త్రొక్కినను వేగము పెరుగలేదు సరికదా, తగ్గజొచ్చెను. ఎనుబది అరువదియయ్యెను, అరువది నలుబదియయ్యెను. కారు ఆయాసపడు ముసలివానివలె కుదుపులతో సాగెను. వెనుకనుండి వచ్చిన లారీ యొకటి పెద్దగా హారను మ్రోగించుచు ప్రక్కనుండి దూసికొనిపోయెను. ఆ విసురుకు నా కారు ఊగిపోయెను. గుండె దడదడలాడుచుండగా ఎట్లో రోడ్డు అంచునకు చేర్చి, హెచ్చరిక దీపములు వెలిగించి, దిగి కంచెకు ఆవల నిలిచితిని. వేగముగా వాహనములు పోవు దారిలో ఆగిన కారులో కూర్చుండుటయు, దాని వెనుక నిలుచుటయు ప్రమాదము.

పావుగంట గడచిన పిదప తాళము త్రిప్పగా, ఏమియు జరుగనట్లు ఇంజను కదలెను! మెల్లగా నడపుకొని ఇల్లు చేరితిని.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఒకసారి పెట్రోలు బంకును అనుమానించితిని. ఒకసారి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు కలుపుచున్న ఇథనాలు పాత రబ్బరు గొట్టములను చెరచెనేమో యనుకొంటిని. తెల్లవారునప్పటికి నా అనుమానము కడపట కారుపై చేయి వేసిన మెకానిక్కుపై స్థిరపడెను. అతని దుకాణమునకు పోయి, నలుగురు వినుచుండగా, "నీకు పని రాదు. డబ్బు తీసికొని నా కారును పాడుచేసితివి. నిన్న నా ప్రాణము పోవలసినది" అని గద్దించితిని.

అతడు చేతులు తుడుచుకొని, కారును బజారులో రెండు మారులు త్రిప్పి తెచ్చెను. అది చక్కగా నడచెను. "సారూ, ఇక్కడ లోపం కనబడటం లేదు. మొన్న నేను ఇచ్చిన తరువాత మీరు బండిలో ఏమైనా మార్చినారా?" అని మెల్లగా అడిగెను.

"నేనేమి మార్చుదును? నేను మెకానిక్కునా?" అని కసరి వచ్చివేసితిని.

వారము దినముల తరువాత, టాంకు మరల నింపించి, నా భార్యతో కీసరగుట్ట రామలింగేశ్వరస్వామి దర్శనమునకు అదే దారిని బయలుదేరితిని. ఇంచుమించు అదే తావున కారు మరల అట్లే చతికిలబడెను. ఈ మారు గస్తీ వాహనమువారు చూచి, ఆలస్యము చేయక, త్రాటితో లాగి, శామీర్‌పేట వద్ద రాజీవ్ రహదారి ప్రక్కనున్న ఒక దుకాణమునకు చేర్చిరి. అచటి మెకానిక్కు నా యీడువాడు. అతడు పనిముట్లు ముట్టక ముందే నన్నొక ప్రశ్న అడిగెను.

"దీపం ఆర్పినట్లు ఒక్కసారిగా ఆగిందా? ఊపిరి అందక మెల్లమెల్లగా ఆగిందా?"

"ఊపిరి అందకయే" అంటిని.

"అట్లయితే కరెంటు కాదు, పెట్రోలే కావచ్చు. అయినా చూద్దాం" అని అతడు పని కుపక్రమించెను. ఇంజను నడచుటకు గాలి, పెట్రోలు, నిప్పురవ్వ అను మూడును వలయును. మూడింటిలో ఏది అందుటలేదో తేల్చుటయే పరీక్ష. అతడు ముందుగా వేడి చూపు ముల్లును చూచెను. ఇంజను అతిగా కాగలేదు. ప్లగ్గు తీగను విప్పి ఇంజను లోహమునకు దగ్గరగా పట్టి త్రిప్పించగా నీలి రవ్వ చిటపటలాడెను. గాలి వడపోత శుభ్రముగనే యుండెను. కార్బురేటరునకు పోవు గొట్టమును విప్పి త్రిప్పించగా, ధారగా రావలసిన పెట్రోలు రెండు చుక్కలు రాలి ఆగిపోయెను. పంపు నోటికి వ్రేలు అడ్డుపెట్టి చూచెను. అది వ్రేలిని గట్టిగానే పీల్చుచుండెను.

"పంపు లాగుతున్నది, పెట్రోలు రావటం లేదు. వెనుక ఎవరో పట్టుకొన్నారు" అనుచు అతడు కారు వెనుకకు పోయి, టాంకు మూతను త్రిప్పెను. బుస్సుమని శబ్దమయ్యెను. అది గాలి బయటికి వచ్చిన శబ్దము కాదు, లోపలికి పోయిన శబ్దము. మరల ఇంజనును త్రిప్పించగా పెట్రోలు ధారగా చిమ్మెను.

అతడు మూతను వెలుతురులో పట్టి చూపెను. దాని లోపలి వైపున ఒక గుండ్రని రబ్బరు బిళ్ల అంటియుండెను. "ఇది కంపెనీది కాదే! ఎవరు పెట్టినారు?" అనెను.

పెట్టినది నేనే. మరల వాననీరు దిగకుండుటకై, ఆనాటి సాయంకాలము పాత సైకిలు ట్యూబును కత్తెరతో గుండ్రముగా కత్తిరించి, మూతలో బిగించి, నా తెలివికి నేనే మెచ్చుకొంటిని. ఆ మూతలో గాలి పోవుటకు ఒక సన్నని దారి యున్నదనియు, నా బిళ్ల దానిని మూసివేసినదనియు నాకు తెలియదు.

నేను ఇంకను తెల్లబోయి చూచుచుండగా నా భార్య, "ఏమండీ, నూనె డబ్బాకు ఒక్క రంధ్రమే పెడితే నూనె దిగుతుందా?" అనెను.

ఇంతకు మించిన వివరణము అక్కరలేదు. నూనె బయటికి వచ్చుటకు ఒక రంధ్రము, గాలి లోపలికి పోవుటకు రెండవ రంధ్రము. టాంకులోని పెట్రోలు తగ్గిన కొలది ఆ చోటును నింపుటకు గాలి రావలెను. రానిచో లోపలి గాలి పలుచనై, దాని ఒత్తిడి తగ్గును. పెట్రోలు వెనుకకు పట్టువడును. గాలి ఒత్తిడి సామాన్యమైనది కాదు. 17వ శతాబ్దమున జర్మనీ దేశపు మాగ్డెబర్గు నగరాధ్యక్షుడు ఆటో ఫాన్ గెరికె రెండు అర్ధగోళములను చేర్చి లోపలి గాలిని తోడివేయగా, ఇరువైపుల కట్టిన గుఱ్ఱపు జట్లు కూడ వాటిని విడదీయలేకపోయెను. అట్టి బలముతో నా చిన్న పెట్రోలు పంపు పోరాడవలసి వచ్చినది.

విద్యార్థులారా, ఇప్పుడు తక్కిన చిక్కులును వాటంతటవే విడిపోవుట గమనింపుడు. బజారులో కారు ఏల బాగుగా నడచెను? మెల్లని నడకలో పెట్రోలు ఖర్చు కొంచెము. సందులనుండి దూరిన గాలి దానికి సరిపోయెను. వేగమున పోవునప్పుడు ఖర్చు హెచ్చు. దూరిన గాలి చాలలేదు. పావుగంట నిలిపినంతనే ఏల కదలెను? ఆలోపల గాలి నెమ్మదిగా చేరెను. రెండు మారులు ఒక్క తావుననే ఏల ఆగెను? రెండు మారులును టాంకు నిండియుండెను. పైన గాలికున్న చోటు స్వల్పము గనుక పది పండ్రెండు మైళ్లలోపలనే బిగింపు ముదిరెను. ఫిల్టరు మూసికొనినను, టాంకులో త్రుప్పు చేరినను ఇట్టి లక్షణములే కనబడవచ్చును. కాని మూత తెరచినంతనే అవి నయము కావు. నేటి కార్లలో పెట్రోలు ఆవిరి వృథాగా పోకుండ బొగ్గు నింపిన డబ్బా గుండ గాలిని నడపుదురు. లోపమున్నచో కంప్యూటరు దీపము వెలిగించి హెచ్చరించును. యంత్రము మారినను దానికి ఊపిరి కావలెననుట మారలేదు.

కీసరగుట్టకు పోవుటకు నాకు మనసొప్పలేదు. దారి పొడవున నాకు వేరొక జ్ఞాపకము కలుగుచుండెను. నేను తరగతి చెప్పు కాలమున ఒక బాలుడు ఉదయము చురుకుగా నుండి, మధ్యాహ్నమైనంతనే బల్లపై తల వాల్చెడివాడు. సోమరియని అతనిని పలుమారులు నిలువబెట్టితిని. తెల్లవారుజామున లేచి, ఇంటింటికి పాలు పోసి, అన్నము తినకయే బడికి వచ్చెడివాడని ఏడాది చివర తెలిసెను. అతడు ఎప్పుడు అలసిపోవుచున్నాడో ప్రతిదినమును కన్నులార చూచితిని. ఏల అలసిపోవుచున్నాడని ఒక్క దినమును అడుగలేదు. శామీర్‌పేట మెకానిక్కు పనిముట్లు ముట్టక ముందు అడిగిన ప్రశ్నను నేను ఆ బాలుని అడిగియుండినచో!

మేడ్చల్ చేరి తిన్నగా ఆ యువకుని దుకాణమునకు పోయితిని. మొన్న నా మాటలు విన్నవారిలో ఇద్దరు అచటనే యుండిరి. అది నాకు మేలే. వారు వినుచుండగా అన్నమాటను వారు వినుచుండగానే వెనుకకు తీసికొనవలెను. రబ్బరు బిళ్లను అతని చేతిలో పెట్టి, "నాయనా, తప్పు నాది. నీవు అడిగినప్పుడు ఆలోచింపకయే లేదంటిని. నన్ను క్షమింపుము" అంటిని.

అతడు సిగ్గుపడి, ఆ బిళ్లను ఇటునటు త్రిప్పి చూచి, "నాది కూడా తప్పే సారూ. టాంకు మొన్ననే కడిగినాను కదా అని మూత తీసి చూడలేదు" అనెను. పిదప మూతను తెప్పించుకొని, నడుమ గాలిదారిని వదలి అంచునకు మాత్రమే పట్టునట్లు ఒక రబ్బరు వలయమును అమర్చి, "ఇప్పుడు వాన దిగదు, గాలి ఆగదు" అనెను. డబ్బిచ్చితే పుచ్చుకొనలేదు.

మరుసటి ఆదివారము టాంకు నిండ పెట్రోలు పోయించి, అదే దారిని, ఎనుబది కిలోమీటర్ల వేగముననే, మేమిరువురమును కీసరగుట్టకు పోయి వచ్చితిమి. శామీర్‌పేట దాటునప్పుడు నా భార్య నా వైపు చూచి నవ్వెను గాని ఏమియు అనలేదు.