గాలి పిలిచినా... ఒడ్డుకే!

వేసవి సాయంత్రం. హుస్సేన్‌సాగర్‌ మీద ఆకు కదలనంత ఉక్కపోత. సంజీవయ్య పార్కు వైపు నుంచి బయల్దేరిన చిన్న చిన్న తెరచాప పడవలు ఎక్కడివక్కడే ఆగిపోయి ఉంటాయి. బుద్ధుడి దగ్గరికి జనాన్ని తీసుకెళ్లే మోటారు బోట్లు లేపిన అలలకు ఊగుతూ కూర్చోవడం తప్ప, సెలవుల్లో సెయిలింగ్‌ నేర్చుకునే పిల్లలకు మరో పని ఉండదు. అంతలో ఉన్నట్టుండి ఓ చల్లగాలి! వేలాడుతున్న తెరచాప టపటపలాడి బిగుసుకుంటుంది. పడవ పరుగందుకుంటుంది. గంటసేపు ఎదురుచూసిన గాలి వస్తే ఎవరికి మాత్రం ఒడ్డుకు పోవాలనిపిస్తుంది?

చిక్కంతా అక్కడే. క్యుములోనింబస్‌ మేఘం నుంచి కిందకి దిగిన చల్లటి గాలి నేలను తాకి, వానకన్నా ముందే నలువైపులా పరుచుకుంటుంది. అంటే... పడవ నడిపేవాళ్లను ఊరించే ఆ గాలి పిడుగుల మేఘం పంపిన కబురన్నమాట.

కుతుబ్‌షాహీల కాలం నాటి ఈ చెరువులో పోటీలు ఎక్కువగా జులైలో జరుగుతాయి. నైరుతి రుతుపవనాల గాలి అప్పుడు నిలకడగా వీస్తుంది. పిడుగుల బెడద ఎక్కువగా ఉండేది దానికి ముందు, ఏప్రిల్‌ నుంచి జూన్‌ మొదటి వారాల దాకా. మళ్లీ రుతుపవనాలు వెనుదిరిగేటప్పుడు. పిల్లల వేసవి సెలవులూ సరిగ్గా ఆ రోజుల్లోనే!

ఇక్కడ తిరిగే లేజర్‌ పడవ పొడవు 4.23 మీటర్లు. దాని మీద నిలబెట్టే మాస్ట్‌ ఆరు మీటర్ల పైచిలుకు అల్యూమినియం గొట్టం. చుట్టూ చదునైన నీళ్లు, మధ్యలో నిటారుగా ఆ గొట్టం, దానికి చేతికందే దూరంలో మనిషి. పెద్ద పడవలకైతే మాస్ట్‌ నుంచి నీళ్లలోని లోహపు పలక దాకా మందపాటి తీగ కలిపి, పిడుగుకు దారి చూపిస్తారు. ఈ బుల్లి పడవల్లో ఆ ఏర్పాటు ఉండదు. తలదాచుకునే గదీ ఉండదు. పైగా ఉప్పునీటితో పోలిస్తే మంచినీటిలో విద్యుత్తు అంత సులువుగా పారదు. దాంతో అది పక్కనున్న మనిషి మీదికి దూకే ప్రమాదం చెరువులోనే ఎక్కువ. పద్దెనిమిది మీటర్ల బుద్ధుడు ఉన్నాడు కదా అనుకోవడానికీ లేదు. ఆ ఎత్తు కాపాడితే పక్కనున్న కాస్త జాగానే కాపాడుతుంది.

అందుకే లెక్క ఒక్కటే... ఒడ్డు ఎంత దూరం? మెరుపు కనిపించాక ఉరుము వినిపించడానికి 30 సెకన్లు పడితే, అది పది కిలోమీటర్ల అవతల ఉన్నట్టు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే మేఘానికి ఆ దూరం పావుగంట. గాలి తక్కువగా ఉన్నప్పుడు పడవ వేగం మనిషి నడకను మించదు. కిలోమీటరు దూరంలో ఉంటే దానికీ పావుగంటే! పిడుగేమో మేఘం నెత్తిమీదికి వచ్చేదాకా ఆగదు, పది కిలోమీటర్ల ముందు కూడా పడగలదు. కాబట్టి ఉరుము వినబడ్డాక బయల్దేరితే ఆలస్యమైనట్టే. పడమట ఆకాశం నల్లబడగానే పడవ తిప్పాలి. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన ‘దామిని’ యాప్‌ చుట్టుపక్కల పిడుగుల సమాచారం ఇస్తుంది. ఒడ్డున ఉండే కోచ్‌ ఫోన్‌లో అది ఉంటే మేలు.

పోటీల్లో నీలం, తెలుపు గళ్ల జెండా ఎగరేసి మూడుసార్లు హారన్‌ మోగించారంటే రేసు రద్దయినట్టు. కానీ జెండా కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు. రేసులో కొనసాగాలా, మానుకోవాలా అన్నది పడవ నడిపేవారి బాధ్యతేనని అంతర్జాతీయ నిబంధనలే చెబుతున్నాయి. పదేళ్ల పిల్లాడి మీద ఆ బాధ్యత మోపలేం కాబట్టి, వాళ్ల విషయంలో కోచ్‌ మాటే చెల్లాలి.

తప్పించుకోలేక నీళ్ల మీదే చిక్కుకుంటే? లైఫ్‌ జాకెట్‌ బిగించుకుని, తెరచాపకూ మాస్ట్‌కూ వీలైనంత దూరంగా, పడవలో ముడుచుకుని కూర్చోవాలి. చేతులు నీళ్లలో పెట్టకూడదు. అర్జునుడి పేర్లు తలుచుకుంటే భయం తగ్గుతుందేమో, తలుచుకోవచ్చు... చేతులు మాత్రం ఒళ్లోనే ఉండాలి. ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి జంకక్కర్లేదు. ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి, గుండె ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ సీపీఆర్‌ మొదలుపెట్టాలి.

ఒడ్డు చేరాక చెట్టు కింద కాదు, భవనంలోకో, తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగాలి. మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటికొస్తుంది. ఆ అరగంట గడిచేసరికి చాలాసార్లు గాలి కూడా పడిపోతుంది. తడిసిన తెరచాపలు ఆరేసుకుని ఇళ్లకు వెళ్లడమే.