ఆల్చిప్పలూ, ఏటి బురదా

పిల్లలూ! మా చిన్నతనంలో మాగాయ పెట్టే రోజులు వచ్చాయంటే, మామిడికాయల చెక్కు తీయడానికి మా అమ్మమ్మకు ఆల్చిప్పే కావాలి. చిప్పను రాతిమీద అరగదీసి నడుమ కన్నం చేసేది. అంతే, కత్తి తయారు! కాలవలో చిప్పలు ఏరుకురావడం నా పని. ఆవిడ వాడిన చిప్ప ఒకటి ఇప్పటికీ నా పెట్టెలో వున్నది.

ఆమధ్య అమెరికాలో మా అమ్మాయి వుండే మిస్సోరీ రాష్ట్రానికి వెళ్ళి, మనమడితో బిగ్ రివర్ అనే ఏటికి పోయాను. నీరు అద్దంలా వున్నది. "ఇంత శుభ్రమైన ఏట్లో ఆల్చిప్పలు వుండకపోవు. దొరక్కపోతే అమ్మమ్మ చిప్ప నీదే!" అని వాడితో పందెం వేశాను. గంటసేపు వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

తరవాత తెలిసింది. అక్కడ 1972 దాకా సీసం గనులు నడిచాయి. ఖనిజం తీయగా మిగిలిన పొడిని గుట్టలుగా పోశారు. 1977లో పెద్దవాన కురిసి, డెస్లోజ్ అనే ఊరి దగ్గర గుట్ట జారి, సుమారు 38,000 ఘనమీటర్ల పొడి ఏట్లో పడింది. నీరు పారిపోతుంది. సీసమూ, జింకూ, కాడ్మియమూ మాత్రం బురదలో వుండిపోతాయి. ఆల్చిప్ప పిల్ల వుండేది ఆ బురదలోనే! నాలుకలాంటి తన ఒంటికాలితో అందులోనే తిండి పోగుచేసుకుంటుంది.

ఆ గనుల ప్రాంతపు బురదను శాస్త్రజ్ఞులు ఎలా పరీక్షించారనుకున్నారు? ముందు దాన్ని పావు మిల్లీమీటరు కన్నాల జల్లెడలో జల్లించారు. లేకపోతే ఆవగింజంత పిల్లలు ఇసకలో కలిసిపోయి మళ్ళీ దొరకవు గదా! 2 నుంచి 4 నెలల పిల్లలను ఆ బురదలో 28 రోజులు వుంచారు. పోల్చిచూడడానికి, గనుల మురికి తగలని బురదలో మరికొన్నిటిని వుంచారు. చివరకు ఎన్ని బతికాయో లెక్కపెట్టి, బతికినవన్నీ కలిసి ఎంత తూగాయో చూశారు.

ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఆగ్నేయ మిస్సోరీ నుంచి తెచ్చిన నమూనాలలో నాలుగింట ఒకవంతులో ఆ బరువు స్పష్టంగా తగ్గింది. బతికినంత మాత్రాన క్షేమమని కాదన్నమాట. సరిగా ఎదగాలి కూడా.

"బురదలో సీసం ఎంతుందో యంత్రంతో కొలిస్తే పోయేదిగా, తాతయ్యా?" అన్నాడు మనమడు.

"అదీ కొలిచారురా. ఎంతుందో యంత్రం చెబుతుంది. అంత సీసాన్ని ఆల్చిప్ప ఓర్చుకోగలదో లేదో యంత్రానికేం తెలుసు?" అన్నాను.

"సరే, నా చిప్ప ఏదీ?" అంటూ వాడు చెయ్యి చాచాడు.