ఉరుళిలో ఉపవాసం... ఊళ్లో పారణ

పుణె నుంచి షోలాపూర్ రహదారి పట్టుకుని ముప్పై కిలోమీటర్లు వెళితే ఉరుళి కాంచన్. చుట్టూ చెరకు తోటలు. బస్సు దిగగానే ఓ పక్క వడాపావ్ బండి, మరో పక్క చెరకురసం గానుగ. ఇంతగా నోరూరించే ఊరికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేది మాత్రం... నోరు కట్టేసుకోవడానికి!

1946 మార్చి 22న గాంధీజీ ఇక్కడికి వచ్చి వారం రోజులు ఉన్నారు. ప్రకృతి వైద్యం డబ్బున్నవాళ్లకే కాదు, పల్లెటూరి పేదలకూ అందాలన్నది ఆయన కోరిక. మట్టి, నీళ్లు, ఎండ, గాలి, మితాహారం... ఇవే మందులు. అలా మొదలైందే ఇక్కడి నిసర్గోపచార్ ఆశ్రమం. ఆ బాధ్యత తలకెత్తుకున్న మణిభాయ్ దేశాయ్ జీవితమంతా ఈ ఊరికే అంకితం చేశారు. పాడిపశువుల అభివృద్ధి కోసం 1967లో ఆయన స్థాపించిన బైఫ్ సంస్థ తర్వాత ఎన్నో రాష్ట్రాల రైతులకు చేరువైంది. 1982లో ఆయన్ని మెగసెసె అవార్డు వరించింది.

పొట్టమీద మట్టిపట్టీ, తొట్టిస్నానం, గ్లాసెడు రసం, కాస్త నడక, మళ్లీ రసం. ప్రకృతి చికిత్సలో రోజులు ఇలాగే గడుస్తాయి. మొదటి రెండు రోజులూ తలనొప్పి, చిరాకు. ఆ తర్వాత చాలామందికి ఆకలి కూడా అలవాటైపోతుంది. అసలు పరీక్ష ఎక్కడంటారా? గేటు దాటాకే!

అక్కడ కలిసినవాళ్లలో మంచిర్యాల నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఉన్నారు. వారం రోజులుగా రసాల మీదే ఉన్నారు. ఎల్లుండే మనవరాలి పెళ్లి. ‘ఆకలితోని భయం లేదు సార్... బలవంతంగ వడ్డించే చుట్టాలతోనే భయం’ అన్నారు నవ్వుతూ.

ఆ భయం తేలిగ్గా తీసేయాల్సింది కాదు. 1918లో గాంధీజీకే ఎదురైంది. కడుపులో బాగోలేక ఆ పూట పస్తుందామనుకున్నారు. ఆరోజు పండగ. కస్తూర్బా నెయ్యికి బదులు నూనె వేసి గోధుమలతో తియ్యటి జావ చేసి, గిన్నెడు పెసలూ సిద్ధంగా ఉంచారు. ఆయన కాదనలేకపోయారు. గంట తిరిగిందో లేదో విరేచనాలు తీవ్రమయ్యాయి. ఆ జబ్బు చావు అంచుల దాకా తీసుకెళ్లిందని ఆత్మకథలో రాసుకున్నారు.

పాతికేళ్ల తర్వాత, 1943లో పుణె ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆయన 21 రోజుల ఉపవాసం చేశారు. మార్చి 3న కస్తూర్బా చేతుల మీదుగా నీళ్లు కలిపిన నారింజరసం అందుకుని, నెమ్మదిగా చప్పరిస్తూ విరమించారు. తర్వాత కొన్ని రోజులు నారింజరసమే ఆహారం. ఆపైనే మేకపాలు, పండ్ల గుజ్జు. ఇచ్చిన చెయ్యి అదే, పుచ్చుకున్న మనిషీ ఆయనే. మారిందల్లా పద్ధతి.

పద్ధతి ఎందుకంటే... తిండి ఆగిపోతే ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుని బతుకుతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా అన్నం, మిఠాయిలు పడ్డాయనుకోండి. ఇన్సులిన్ గభాలున పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. శ్రుతిమించితే గుండె లయే తప్పుతుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, చెరల్లో పస్తులుండి బయటపడిన ఖైదీల్లో కొందరు కడుపునిండా తిన్నాక ప్రాణాలు పోగొట్టుకోవడం డాక్టర్లు గమనించారు. ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త తప్పనిసరి అంటారు అందుకే. మధుమేహం, రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్లయితే తిండి మార్చిన ప్రతిసారీ మోతాదు సంగతి డాక్టర్ని అడగాల్సిందే.

హైదరాబాద్ వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు ఉరుళిలో చాలావరకు ఆగవు. పుణె వెళ్లి ఎక్కాలి. రైలు మళ్లీ ఈ ఊరి మీదుగానే, చెరకు తోటల పక్కనుంచే సాగిపోతుంది. దౌండ్ దాటాక షోలాపూర్. నేత పనికోసం తరతరాల కిందట వలస వెళ్లిన తెలుగు పద్మశాలీల ఊరు. ఘాటైన పల్లీ చట్నీ, కరకరలాడే ఎండు జొన్నరొట్టెలు అక్కడి ప్రత్యేకం. కలబురగిలో మెత్తటి జొన్నరొట్టె, గుత్తివంకాయ. తాండూరు వచ్చిందంటే కందిపప్పు! 2022లో భౌగోళిక గుర్తింపు దక్కించుకున్న పంట అది. సికింద్రాబాద్‌లో ఇరానీ చాయ్, బిర్యానీ సరేసరి. రైలు ఇదంతా ఒక్క రోజులోపే దాటేస్తుంది. కడుపు మాత్రం అంత తొందరగా దాటలేదు.

ఎన్ని రోజులు ఉపవాసం ఉంటే, అందులో కనీసం సగం రోజులు మామూలు తిండికి మళ్లడానికి కేటాయించాలన్నది ప్రకృతి వైద్యుల లెక్క. మొదటిరోజు నీళ్లు కలిపిన రసం, పల్చటి పెసరకట్టు, కొద్దికొద్దిగా. మర్నాడు బొప్పాయి ముక్కలు, ఉడికించిన సొరకాయ, బీరకాయ. ఆపై జావ, పల్చటి మజ్జిగ, మెత్తగా వండిన అన్నం. కందిపప్పు తర్వాత. నూనె, కారం, ఆవకాయ, మాంసం అన్నిటికన్నా చివర.

ఇదేమీ మనకు కొత్త కాదు. ఏకాదశి ఉపవాసానికి ద్వాదశి పారణ ఉండనే ఉంది. జ్వరం తగ్గాక మన అమ్మమ్మలు పెట్టిన పథ్యం ఇదే. ‘లంఖణం పరమౌషధం’ అనడం గుర్తుంటుంది. ఆ పథ్యమే మర్చిపోతాం.

ఇంకో మాట. ఒంట్లో మలినాలు కడిగే పని కాలేయం, మూత్రపిండాలు ఏడాది పొడవునా చేస్తూనే ఉంటాయి. వారంలో తగ్గిన బరువులో చాలాభాగం నీళ్లే, తిండి మొదలవగానే తిరిగొచ్చేస్తుంది. నిలిచేదల్లా ఆకలేస్తేనే తినడం, కడుపు నిండకముందే లేవడం లాంటి అలవాట్లే.

పెద్దాయన మాత్రం డాక్టరు చెప్పినవన్నీ కాగితమ్మీద రాసుకున్నారు. బిడ్డకు ఫోన్ చేసి ‘పెండ్లిల నాకు సపరేటుగ పెసరకట్టు వెట్టున్రి’ అని ముందే చెప్పేశారు. మరి లడ్డూలో? ‘పదహారు రోజుల పండుగ ఉంది కద సార్... అప్పుడు తింట!’

సికింద్రాబాద్ స్టేషన్లో దిగగానే మనల్నీ బిర్యానీ వాసన పలకరిస్తుంది. అదెక్కడికీ పోదు. ఓ వారం ఆగి వెళదాం!